ఫోటో కోసం పట్టుకున్న మూడో ముడి

మొన్న వైశాఖంలో గిద్దలూరులో ఒక పెళ్లికి వెళ్లాను. బయట ఎండ మాడు పగలగొడుతుంటే కల్యాణమండపంలో మాత్రం ఏసీలు పెట్టి అందర్నీ వణికిస్తున్నారు. నాబోటి వయసువాళ్లం నలుగురం ఆ చల్లగాలి తగలని మూల వెతుక్కొని, కుర్చీలు దగ్గరికి లాక్కొని, కండువాలు మెడకు చుట్టుకొని కూర్చున్నాం. వేదిక మీద పెళ్లివాళ్లకంటే కెమెరాలవాళ్లే ఎక్కువ కనిపిస్తున్నారు. పెళ్లికొడుకు మూడో ముడి వేశాడు, మేళం హోరెత్తింది, మేము కూర్చున్నచోటి నుంచే అక్షింతలు విసిరి అవి ముందు వరుసవాళ్ల నెత్తిన పడగా చూసి తృప్తిపడ్డాం. అంతలో నల్ల చొక్కా వేసుకున్న వీడియో ఆయన చెయ్యెత్తి మేళాన్ని ఆపమని సైగ చేసి, "సార్, మూడో ముడి ఇంకొక్కసారి. వెనకాల అవ్వ కండ్లు మూసుకునింది" అన్నాడు. పెళ్లికొడుకు బుద్ధిగా మళ్లీ చేతులు పెళ్లికూతురి మెడ వెనక్కి పోనిచ్చాడు.

మా మూలలో వెంటనే గొణుగుడు మొదలైంది. ఒకాయన రిటైరైన హెడ్మాస్టరు, ఇంకొకాయన ముప్పై ఏళ్లు బస్సు నడిపినవాడు. ఇద్దరూ కలిసి ఈ కాలం పెళ్లిళ్లను ఉతికి ఆరేశారు. తాళి కట్టడమంటే సినిమా షూటింగ్ అయిపోయిందనీ, ముహూర్తమనేది ఇప్పుడు పంతులు చేతిలో లేదు, కెమెరా ఆయన చేతిలో ఉందనీ అన్నారు. మార్కాపురంలో నలభై ఏళ్లు ఫోటోలు తీసినవాణ్ణి గనక సాక్ష్యానికి నా వైపు తిరిగారు. నీ కాలంలో ఎప్పుడన్నా ఇట్లా ఉండిందా చెప్పు అన్నారు. అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టుగా తలాడించి ఊరుకున్నాను. ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఫోటో కోసమని తాళి రెండోసారి పట్టించిన మొదటివాణ్ణి బహుశా నేనే. అట్లా పట్టించింది, ఇప్పుడు వేదిక మీద కళ్లు మూసుకుందని అనిపించుకున్న ఆ అవ్వ పెళ్లిలోనే. ఇవాళ్టి పెళ్లికూతురికి ఆమె నాయనమ్మ. ఈ సంగతి ఆ నలుగురికీ చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి, అక్కడేమో భోజనాలకు పిలుస్తున్నారు. అందుకని ఇక్కడ తీరిగ్గా చెప్పుకుంటున్నాను.

మా నాయన పలకల గనిలో పనిచేసేవాడు. మార్కాపురంలో ఆ రోజుల్లో సగం ఊరు ఆ రాతిపొడితోనే బతికేది. మా ఇంట్లో గిన్నె కడిగినా, దుప్పటి దులిపినా బూడిదరంగు దుమ్మే, మా నాయన దగ్గితే కూడా అదే. నేను కూడా పలకలు కోసే మిషను దగ్గర కుదురుకుంటానని ఆయన అనుకున్నాడు. నేను పోయి బజారులో ఒక ముసలి సాయిబుగారి స్టూడియోలో చేరాను. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్లు, నేనూ అంతే. మా నాయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. "పలక మీద తప్పు రాస్తే తుడిచి దిద్దుకోవచ్చు. ఆ ఫిలిం మీద తప్పు పడితే ఏం జేస్తావురా?" అని మాత్రం అడిగాడు.  ఇప్పుడు చెప్పబోయే పెళ్లి దాకా ఆ ప్రశ్న నాకు మళ్లీ గుర్తుకు రాలేదు.

ఉస్తాద్ స్టూడియో అంటే మా తరంవాళ్లకు చెప్పనక్కర లేదు. వెనక గోడ మీద ఒక సరస్సూ, రెండు హంసలూ, ఎక్కడికీ పోని మెట్లూ పెయింటు చేసి ఉండేవి. అద్దం పక్కన దారంతో కట్టేసిన దువ్వెన, దాని పక్కన పౌడరు డబ్బా. పలకల గని నుంచి నేరుగా వచ్చినవాళ్లు ఆ పౌడరు రాసుకుంటే ముఖం మీద రెండు రంగుల దుమ్ము పేరుకొని, ఫోటోలో మాత్రం దొరబాబుల్లా పడేవాళ్లు. అక్కడ నాలుగేళ్లు నీళ్లల్లో ప్రింట్లు కడిగి, ఆరేసి, అంచులు కత్తిరించిన తర్వాత ఉస్తాద్ నా చేతికి కెమెరా ఇచ్చాడు. ఇస్తూ ఒకే ఒక్క మాట నూరుసార్లు చెప్పాడు. ఫిలిం ఎక్కించి మూత వేసినాక, కుడిచేత్తో మీట తిప్పినప్పుడల్లా ఎడమవైపున ఉన్న గుండీ తనంతట తాను తిరుగుతోందో లేదో చూడు, అది తిరిగితేనే లోపల ఫిలిం కదులుతున్నట్టు, లేకపోతే నువ్వు గాలిని ఫోటో తీస్తున్నట్టు అని. ఎన్ని ఫోటోలు తీశామో చూపించే అంకె ముందుకు పోతూనే ఉంటుంది, దాన్ని నమ్మొద్దనేవాడు. నేను సరే సరే అనేవాణ్ణి.

ఆ వేసవిలో ఉస్తాద్‌కు మోకాళ్ల నొప్పి వచ్చి, కొండల్లో ఒక పెళ్లికి నన్నొక్కణ్ణే పంపాడు. మీటర్ గేజి రైలెక్కి దిగువమెట్టలో దిగితే, పెళ్లివారి ఎద్దులబండి వచ్చి ఉంది. అక్కడి నుంచి నల్లమల వాలు వెంబడి రెండు గంటల ప్రయాణం. బండి తోలే ఆయన మాట్లాడే రకం కాదు, ఎద్దులూ తొందరపడే రకం కాదు. దారి పొడుగునా కానుగ పూలు రాలి నేల కనిపించడం లేదు, వాటి మీద చక్రాలు పోతుంటే చప్పుడే లేదు. కెమెరా పెట్టె ఒళ్లో పెట్టుకొని, గడ్డి మీద వెనక్కి వాలి, కొమ్మల సందుల్లోంచి ఎండ ముఖం మీద పడుతూ పోతూ ఉంటే నేను నిద్రలో ఉన్నానో మెలకువలో ఉన్నానో తెలియలేదు. ఇప్పటికీ ఆ పెళ్లి తలుచుకుంటే నాకు మొదట తగిలేది ఆ కానుగ పూల వాసనే. ఆ పెళ్లి అంతా ఒక కల అనుకుందామంటే అనుకోవచ్చు, నేను చేసిన తప్పు ఒక్కటి గుర్తుకు రాకపోతే.

ఇల్లు ఊరికి ఎగువన, కొండ వాలులో ఉండేది. రాతిగోడల మట్టిమిద్దె, పక్కన పశువుల కొట్టం, దానికి ఆనుకొని మేకల దొడ్డి. కరెంటు లేదు. పెళ్లికొడుకేమో కంభంలో కరెంటాఫీసు ఉద్యోగి, సొంతవూరు బేస్తవారిపేట పక్కన. కరెంటు లేని ఇంటికి కరెంటు అల్లుడు వస్తున్నాడని ఆడవాళ్లంతా ఒకటే ఆటపట్టించడం, ఆయన తీగలూ స్తంభాలూ వెంట తెచ్చుకున్నాడా అని విడిదింట్లో పెట్టెలు వెతకడం. ఆయన చాలా నెమ్మదస్తుడు. ఎవరేమన్నా చెవులు ఎర్రబడేవి తప్ప నోరు తెరిచేవాడు కాదు.

పెళ్లికూతురికి తండ్రి లేడు. రెండేళ్ల కిందట జ్వరం వచ్చి పోయాడట. అప్పటి నుంచి ఇంటి పెత్తనమంతా ఆయన అన్నగారిది, అంటే పెళ్లికూతురి పెదనాయనది. కన్యాదానం చేయాల్సింది కూడా ఆయనా, ఆయన భార్యే. మంచి మనిషే. మాట తక్కువ, మీసం ఎక్కువ. నేను వెళ్లగానే నా పెట్టె నీడన పెట్టించి, నాకు చెంబుడు మజ్జిగ ఇప్పించి, ఫోటోలు ఎట్లా తీయాలో నాకు తెలిసినట్టే తీసుకొమ్మని ఒక్క మాటతో వదిలేశాడు.

పెళ్లికూతురి తల్లి మాత్రం ఆ రెండు రోజులూ నాకు సరిగా ఎదురుపడలేదు. పొయ్యి దగ్గర పొగలోనో, గాదెల గదిలోనో, నీళ్ల తొట్టి పక్కనో ఉండేది. నలభై ఏళ్లు కూడా నిండి ఉండవు. పనులన్నీ ఆమె చేతి మీదే జరుగుతున్నాయి, శుభకార్యం మాత్రం ఆమెకు కనపడకుండా జరుగుతోంది. మా తరంవాళ్లకు ఆ ఆచారం విడమరచి చెప్పక్కర్లేదు. భర్త పోయిన ఆడమనిషి పసుపు దంచేటప్పుడు ముందుకు రాకూడదు, ముహూర్తానికి తలుపు చాటున ఉండాలి, కన్నకూతురి మెడలో తాళి పడుతున్నా సరే. ఎవరూ ఆమెను పొమ్మనలేదు, అనాల్సిన అవసరమే ఎవరికీ రాలేదు. తనంతట తానే తప్పుకొనేది.

మరునాడు పొద్దున తొమ్మిది గంటలకు ముహూర్తం. అంతకు గంట ముందు నేను పశువుల కొట్టంలో నీడ చూసుకొని కూర్చొని, మొదటి రోలు అయిపోతే తీసేసి, రెండోది ఎక్కిస్తున్నాను. ముప్పై ఆరు ఫోటోల రోలు, దాన్ని ముహూర్తం కోసమని కొత్తగా దాచిపెట్టుకున్నాను. ఫిలిం కొసను పట్టి లోపలి గొట్టం గాడిలో దూరుస్తుండగా వెనకాల ఎవరో నిలబడినట్టనిపించింది. చూస్తే ఆమె. చేతిలో ఎద్దులకు పెట్టే చిట్టు తట్ట ఉంది, అది ఊరికే ఒక సాకుగా పట్టుకొని వచ్చిందని చూడగానే తెలిసిపోయింది.

"నాయనా, తాళి కట్టేటప్పుడు నేను లోపల ఉంటా," అంది. "నువ్వు చూస్తావు కదా. నువ్వు చూసింది చూసినట్టు నాకు ఒక పటం తీసియ్యి. ఆ ఒక్కటి చాలు నాకు."

ఇరవై రెండేళ్ల వయసు నాది. అంతవరకు నన్నెవరూ అట్లా ఒకటి అడగలేదు. తప్పకుండా తీస్తానమ్మా అని లేచి నిలబడి, చేతిలో ఉన్న కెమెరా మూత టక్కున మూసి, మీట రెండుసార్లు తిప్పాను. ఎడమవైపు గుండీ చూడలేదు. ఆమె ముఖం చూశాను. అంతే జరిగింది.

ముహూర్తం ఎట్లా జరిగిందో నాకు ఈ రోజుకీ కళ్లకు కట్టినట్టే ఉంటుంది. నేరేడు కొమ్మలూ, కానుగ రెమ్మలూ పరిచిన పచ్చి పందిరి. పైన ఎండ ఎంత మండుతున్నా దాని కింద లేత ఆకుపచ్చ వెలుగు పరుచుకొని, పెళ్లికూతురి నుదుటి మీద, పీట మీద, పెదనాయన మీసం మీద కూడా ఆ వెలుగే. నాది నలుపు తెలుపు ఫిలిం, ఆ రంగు ఎట్లాగూ పడదని తెలిసినా ఆశ చావక ప్రతి మూలనుంచీ తీశాను. జీలకర్ర బెల్లం తీశాను. పెళ్లికొడుకు ముళ్లు వేయడం మూడు వైపుల నుంచి తీశాను. తలంబ్రాలు తీశాను. ఫ్లాష్ వెలిగినప్పుడల్లా ముసలివాళ్లు ఉలిక్కిపడేవాళ్లు, మేకలు అరిచేవి. అంత బాగా నేను ఎప్పుడూ తీయలేదని నాకు నేనే చెప్పుకున్నాను. వంటల దగ్గర ఆమె కనిపించి, పడిందా నాయనా అని కళ్లతోనే అడిగితే, బ్రహ్మాండంగా పడిందమ్మా అని గట్టిగానే చెప్పాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకొని, నా విస్తట్లో ఇంకో ఓళిగ, అదే బొబ్బట్టు, వేసి పోయింది.

భోజనాలైనాక, అప్పగింతలకు ఇంకా పొద్దుందని అందరూ చెట్ల కింద వాలారు. నేను కెమెరా తీసి చూసుకుంటే అంకె ముప్పై ఆరు దాటి ఉంది. దాటితే మీట బిగుసుకోవాలి. తిప్పి చూశాను, హాయిగా తిరిగింది. ఇంకోసారి తిప్పాను, తిరిగింది. అప్పుడు చూశాను ఎడమ గుండీ వైపు. అది కదల్లేదు.  కొట్టంలోకి పోయి, గొర్రెల కాపరుల గొంగడి ఒకటి దండెం మీద ఉంటే అది తల మీదుగా కప్పుకొని, దాని చీకట్లో కెమెరా మూత తెరిచి వేళ్లతో తడిమాను. నేను దూర్చిన ఫిలిం కొస గాడిలోంచి జారిపోయి, పొద్దున ఎక్కడ పెట్టానో అక్కడే పడుంది. ముప్పై ఆరూ ఖాళీ. నేను ఆ పొద్దంతా గాలిని ఫోటో తీశాను.

గొంగడి కింద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. అబద్ధం ఆడొచ్చుననే ఆలోచన రాలేదని చెప్పను. వచ్చింది. మార్కాపురం పోయినాక కడిగేటప్పుడు చెడిపోయిందని ఒక కార్డు ముక్క రాస్తే ఎవరికి తెలుస్తుంది? కానీ ఆమె వేసిన ఓళిగ ఇంకా నోట్లోనే ఉన్నట్టుంది. లేచి, గాదెల గది గడప దగ్గరికి పోయి, తల వంచుకొని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె చేతిలో ఉన్న చాట కింద పెట్టింది. తర్వాత, "పోనీలే నాయనా, నాకు రాసిపెట్టి లేదు," అని, ఎండలో తిరిగి వచ్చావని నాకు మజ్జిగ కలపడానికి లేచింది. తిట్టి ఉంటే ఎంతో బాగుండేది.

ఆ మాటలు గదిలోపల, అప్పగింతల కోసం చీర మార్చుకుంటున్న పెళ్లికూతురి చెవిన పడ్డాయి. పద్దెనిమిదేళ్ల పిల్ల, పొద్దున్నుంచి తల ఎత్తని పిల్ల, విసవిసా బయటికి వచ్చి, ఏది పడలేదని నన్ను అడిగింది. చెప్పాను. అమ్మ నిన్నేమడిగిందని అడిగింది. అదీ చెప్పాను. తల్లి వద్దు వద్దని చెయ్యి పట్టుకుంటున్నా విడిపించుకొని, నేరుగా కానుగ చెట్టు కింద మంచం మీద పడుకున్న పెదనాయన దగ్గరికి నడిచింది. నేను వెనకాలే పోయాను, దొంగలాగా.

ఫోటోలు పడలేదంట, ఫోటో కోసం తాళి ఇంకోసారి కట్టించాలని ఆమె అడిగితే పెదనాయన లేచి కూర్చున్నాడు. తాళి రెండుసార్లు కట్టడమేందమ్మా, ఊరు నవ్వదా అన్నాడు. పక్క మంచంలో పంతులుగారు ఉన్నారు. మంచి భోజనం చేసి కళ్లు మూసుకొని ఉన్నాయన, ఆ మూసుకున్న కళ్లతోనే తీర్పు చెప్పారు. కట్టింది విప్పకూడదు, ఊరికే మూడో ముడి దగ్గర దారం చేత్తో పట్టుకుంటే దోషం లేదు, మంత్రం లేకుండా పట్టుకున్నది పెళ్లి కాదు, ఆట కిందే లెక్క అన్నారు. సమస్య తీరిపోయిందని పెదనాయన మళ్లీ వాలబోయాడు. పెళ్లికూతురు కదల్లేదు.

"పెళ్లి కాదంటిరి కదా స్వామీ," అంది. "పెళ్లి కానప్పుడు మాయమ్మ ఆడ నిలబడితే ఏం తప్పు?"

పంతులుగారు కళ్లు తెరిచారు. ఆయన దగ్గర దానికి శాస్త్రం లేదు.  పెదనాయన చాలాసేపు తన కాళ్ల వైపు చూసుకున్నాడు. పోయినవాడు ఆయనకు తమ్ముడు, చేతుల మీద పెంచిన తమ్ముడు, ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. చివరికి ఆయన లేచి, తువ్వాలు భుజాన వేసుకొని, మేకలు నీళ్లు తాగినాయో లేదో చూసొస్తానని నడిచాడు. నాలుగడుగులు పోయి, వెనక్కి తిరక్కుండానే, "ఫోటోకే కదా," అన్నాడు.

పెళ్లికొడుకును విడిదింటి నుంచి పిలుచుకొని వచ్చారు. పొద్దున అందరి ముందు కట్టినప్పటికంటే ఇప్పుడు ఆయనకు ఎక్కువ బెరుకు పుట్టింది, ఎందుకంటే అత్తగారు మొదటిసారి ఎదురుగా ఉంది. ఈసారి కొట్టంలో కూర్చొని, ఊపిరి బిగబట్టి ఫిలిం ఎక్కించాను. మీట తిప్పాను. ఎడమ గుండీ తిరిగింది. ఇంకోసారి తిప్పాను. తిరిగింది. దానికి దండం పెట్టుకోవాలనిపించింది.

పందిరి కింద ఇప్పుడు మేళం లేదు, జనం లేరు, మంత్రాలు లేవు. పొద్దు పడమటికి వాలి, ఆకుల సందుల్లోంచి వెలుగు ఏటవాలుగా వస్తోంది. రాలిన తలంబ్రాల బియ్యం పిచ్చుకలు ఏరుకుంటున్నాయి. తల్లి గడప దగ్గర ఆగిపోయింది, దాటదు. కూతురు పోయి ఆమె చెయ్యి పట్టుకొని తెచ్చి తన వెనక నిలబెట్టుకొని, ఆ చేతిని తన భుజం మీద పెట్టుకొని పీట మీద కూర్చుంది. పెళ్లికొడుకు ముడి దగ్గర దారం రెండు కొసలూ పట్టుకున్నాడు. నేను కెమెరాలోంచి చూశాను.

ఆమె ముఖం చూడటానికి నాకు ఆ చిన్న కిటికీ చాలింది. ఆ దారాన్ని చూసేది, కూతురి మెడను చూసేది, అల్లుడి వేళ్లను చూసేది, మళ్లీ దారం దగ్గరికి వచ్చేది. రెండేళ్లుగా ఆకలిగా ఉన్న మనిషి అన్నం తిన్నట్టు చూసింది. ఫోకస్ ఎప్పుడో కుదిరింది. నేను నొక్కలేదు. ఇంకొంచెం ఉండండి, కుదరడం లేదు అన్నాను. పెళ్లికొడుకును ఒక అంగుళం ఎడమకు జరగమన్నాను, మళ్లీ కుడికి జరగమన్నాను. వెలుగు చాలడం లేదన్నాను. ఫ్లాష్ ఎక్కడం లేదన్నాను, అది ఎక్కి ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. నా జన్మలో అన్ని అబద్ధాలు అంత తొందరగా ఆడింది అప్పుడే, వాటిలో ఒక్కదానికీ నేను సిగ్గుపడలేదు. ఎంతసేపని అడిగితే చెప్పలేను. మూడు నిమిషాలు కావచ్చు, ఐదు కావచ్చు. ఆ వెలుగులో కాలం నడవడం మానేసినట్టుండింది.

మేకల దొడ్డి వైపు నుంచి పెదనాయన దగ్గు వినిపించింది. ఇక చాలన్నట్టు, కావాలని దగ్గిన దగ్గు. ఆమె ఉలిక్కిపడి వెనక్కి అడుగు వేయబోయింది, నేను కంగారుగా నొక్కేశాను. ఫ్లాష్ వెలిగింది. అంతే, అయిపోయింది. ఆ తర్వాత పొద్దున తీసినవన్నీ తలంబ్రాలతో సహా మళ్లీ తీశాం, వాటిల్లో ఆమె లేదు.

నేను బండెక్కేటప్పుడు పెదనాయన దగ్గరికి వచ్చాడు. ఆల్బం ఊళ్లో నలుగురూ చూస్తారనీ, దాంట్లో తన మరదలు పడకుండా చూడమనీ చాలా మెల్లగా అడిగాడు. అనేవాళ్లు తనను అనరు, ఆమెను అంటారు అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. సరేనన్నాను.

ఉస్తాద్‌కు అంతా చెప్పేశాను. ఎడమ గుండీ గురించి ఆయన ఒక్క మాట కూడా అనలేదు. డార్క్‌రూములో ఎర్రదీపం కింద, మందునీళ్లల్లో ఊగుతున్న ఆ కాగితం మీద మెల్లమెల్లగా బొమ్మ తేలుతుంటే ఇద్దరం వంగి చూశాం. మొదట పందిరి గుంజలు వచ్చాయి, తర్వాత పెళ్లికొడుకు చేతులు, తర్వాత కూతురి ముఖం, దాని వెనక తల్లి ముఖం.  ఆమె రెండు కళ్లూ మూతపడి ఉన్నాయి. అంతసేపు చూసిన మనిషి, నేను నొక్కిన ఆ రెప్పపాటులో కళ్లు మూసుకుంది. ఉస్తాద్ నా వీపు మీద చెయ్యేసి, ఇది కడుక్కో అని బయటికి పోయాడు. ఆల్బం కోసం ఇంకో ప్రింటు వేసి ఆమె వరకు కత్తిరించాను గానీ, కూతురి భుజం మీది చేతిని కత్తిరించడం కుదరలేదు. నాలుగు వేళ్లూ, గాజులు లేని మణికట్టూ మిగిలిపోయాయి. ఆ చెయ్యి ఎవరిదని ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదట.

నెల తర్వాత, తొలకరి పడినాక, ఆల్బం పట్టుకొని నేనే వెళ్లాను. కానుగ పూలన్నీ కొట్టుకుపోయి దారి మామూలు దారిగా ఉంది. ఆల్బం పెదనాయన చేతికి ఇచ్చి, కత్తిరించని ప్రింటును కాగితంలో చుట్టి, కొట్టం దగ్గర ఆమె చేతిలో పెట్టాను. క్షమించమ్మా, కళ్లు మూసుకున్నట్టు పడింది, నా తప్పే అన్నాను. ఆమె దాన్ని వెలుతురుకు పట్టుకొని చాలాసేపు చూసింది. తర్వాత నవ్వింది. ఆమె నవ్వు నేను చూడటం అదే మొదటిసారి.

"మంచిదే అయింది లే నాయనా," అంది. "ఎవరన్నా అడిగితే నేను చూడలేదనే చెప్పుకోవచ్చు."

ఆమె పోయి చాలా ఏళ్లయింది. పెదనాయన ఆమెకంటే ముందే పోయాడు. ఉస్తాద్ లేడు, స్టూడియో ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. నెగటివులన్నీ ఒక వానాకాలంలో బూజు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోతే పారబోశాను. దిగువమెట్టకు ఇప్పుడు మీటర్ గేజి పోయి పెద్ద రైలు లైను వచ్చింది. ఆ కొండ ఇంటికి కరెంటు వచ్చింది. తీగలు లాగించింది ఆ అల్లుడేనని చెప్పుకుంటారు.

గిద్దలూరు పెళ్లిలో నేను భోజనం ముగించి చెయ్యి కడుక్కుంటుంటే ఆ అవ్వ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆమె భర్త, ఆ కరెంటు అల్లుడు, పోయి రెండేళ్లయింది. ఆమె నుదుట బొట్టు చిన్నగా ఉంది, చేతికి ఒక్కో గాజు ఉంది, ముహూర్తం పొడుగునా వేదిక మీద మనవరాలి వెనకాలే నిలబడింది. ఎవరూ లోపలికి పొమ్మనలేదు, అనాలని ఎవరికీ తోచలేదు. ఆ వీడియో ఆయనకైతే ఆమె కళ్లు తెరుచుకొని ఉండటమే కావలసింది. ఈ ఒక్కటి చూడటానికైనా నేను ఇన్నాళ్లు బతికినందుకు సంతోషపడ్డాను. ఫోటోగ్రాఫర్ల మీద గొణిగే మా మూలవాళ్లకు ఈ సంగతి ఎందుకు కనిపించలేదా అని కూడా అనుకున్నాను.

నా పక్క కుర్చీలో కూర్చొని, చిన్నపిల్లలు రహస్యం చెప్పినట్టు నా చెవి దగ్గరికి వంగింది.

"కావాలనే మూసుకున్నా అన్నా," అంది. "ఇంకోసారి చూడొచ్చునని."

 ఇప్పటి కెమెరాల్లో ఫిలిం జారడం లేదు, ఏ ముడీ పడకుండా పోవడం లేదు, తీసిందంతా ఆ నిమిషానికే కనిపిస్తోంది. అది మంచిదే. తప్పు పడితే ఏం చేస్తావురా అని మా నాయన అడిగిన ప్రశ్నకు మాత్రం ఈ కెమెరాల దగ్గర జవాబు లేదు, వాటికి ఆ ప్రశ్నే రాదు. ఆమె నా చెయ్యి ఒకసారి నొక్కి, మనవరాలి అప్పగింతలకు ఇంకా టైముంది, ఒక ఓళిగ తినిపోదువు రా అన్నా అని లేచింది. తినేశానని చెప్పబోయి, ఆమె వెనకాలే పోయాను.